నందులూ, ఊర్వశులూ, మా అమ్మా

మొన్న శనివారం రాత్రి మా యింట్లో భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. తప్పు వంటింటిది కాదు, టెలివిజనుది. ఒక చానెలు వారు తమ సీరియళ్ళలో వేషాలు కట్టిన వారికి తామే బహుమతులు పంచుకునే పండగ చేసుకుంటున్నారు. మా అమ్మాయి అంతకు పది రోజుల ముందే నా ఫోనూ, వాళ్ళమ్మ ఫోనూ సంపాదించి తనకు నచ్చిన కోడలికి ఓట్లు గుద్దేసింది. ఓటు వేసిన పౌరురాలికి ఫలితాలు చూసే హక్కు వుంటుంది గనక యెవ్వరమూ అడ్డు చెప్పలేకపోయాం.

ఉత్తమ కోడలు అయింది. ఉత్తమ అత్త అయింది. ఉత్తమ ఆడబిడ్డ, ఉత్తమ తోడికోడలు, ఉత్తమ జంట, ఆపైన ఉత్తమ ఖలనాయిక. చుట్టరికాలన్నింటికీ తలా ఒక బహుమతి అంది, పాపం మేనమామ ఒక్కడే మిగిలినట్లున్నాడు. మూడు గంటల సేపు కళ్ళప్పగించి చూశాను గానీ, వుత్త చేతులతో యింటికి వెళ్ళినవారు నాకొక్కరూ కనబడలేదు.

మా అమ్మ గోడ వారగా కుర్చీలో కూచుని అనపకాయలు ఒలుస్తున్నది. మార్గశిరం వచ్చిందంటే మా జిల్లాలో అనపకాయలు ఒలవని అమ్మలు వుండరు. పితికిన పప్పు చారు లేకపోతే చలికాలం వచ్చినట్లు లెక్క కాదు. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది:

"ఒరే, యింతమందికి ఇస్తా వుండారే, సావిత్రికి ఏమిచ్చినార్రా?"

తెలుగులో ఎమ్మే చదివి, యిరవై యేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న వాణ్ణి. ఫలానా పద్యంలో అలంకారం ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. యీ ప్రశ్నకు మాత్రం తడబడ్డాను.

"మహానటి అన్నారు గదమ్మా!" అన్నాను.

"అది జనం అనింది. గవర్నమెంటోళ్ళు, అవార్డులోళ్ళు ఏమిచ్చినారని గదా నేను అడగతా వుండేది?"

మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు అర్థం, "చెప్పండి పండితులుగారూ" అని. అదుగో, ఆ రాత్రి నుంచీ వారం రోజులు నేను చేసిన పరిశోధన ఫలితమే యీ వారం యీ శీర్షిక.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను నిష్పక్షపాతిని కాను. అరవైల నాటి తారల వీరాభిమానిని. అయితే నా అభిమానం రెండో ఆటది. ఆ బొమ్మలు విడుదలయిన నాటికి నేను పుట్టలేదు. నేను వాటిని చూసింది టెలివిజనులో. హైదరాబాదు దూరదర్శన్ 1977లోనే మొదలయినా, చిన్నప్పుడు మా మిద్దె మీద యేంటెనా మాత్రం మద్రాసు వైపుకే తిరిగి వుండేది. అందుచేత నేను సావిత్రిని మొదట చూసింది అరవంలో, శివాజీ గణేశన్‌కు చెల్లెలిగా "పాశమలర్"లో. అప్పటికి నాకు అరవం సగమే వచ్చు. ఏడవడానికి ఆ సగమే చాలింది. 1995లో తెలుగు ప్రయివేటు చానెళ్ళు వచ్చాక గానీ ఆవిడ మనావిడే అని నాకు పూర్తిగా నమ్మకం చిక్కలేదు. యీ మాట కోస్తా మిత్రులతో అంటే నవ్వుతారు. చిత్తూరు వాళ్ళతో అంటే తల వూపుతారు.

ఇక సమాధానం. కేంద్ర ప్రభుత్వం వారు సినిమాలకు బహుమతులు యివ్వడం 1954లో మొదలుపెట్టారు. అయితే అవి బొమ్మలకు, మనుషులకు కాదు. బంగారు పతకమో, వెండి పతకమో నిర్మాతా, దర్శకుడూ అందుకునేవారు. నటికీ నటుడికీ విడిగా బహుమతి పెట్టింది 1967 నాటి చిత్రాలకు, అంటే 1968లో. మొదటిసారి నర్గీసుకు వచ్చింది. దాని పేరే ఊర్వశి.

ఇప్పుడు సావిత్రి జాతకం చూడండి. "దేవదాసు" 1953. "మిస్సమ్మ" 1955. "మాయాబజార్" 1957. "చివరకు మిగిలేది" 1960. "నర్తనశాల" 1963. "మూగమనసులు" 1964. రైలు వెళ్ళిపోయాక స్టేషను కట్టారన్నమాట!

పోనీ మన రాష్ట్రం వారి మాట ఏమిటి? నంది బహుమతులు 1964లో మొదలయ్యాయి. నంది అంటే మరెవరో కాదు, మా సీమవాడే, లేపాక్షి బసవన్న. మొదటి బంగారు నంది "డాక్టర్ చక్రవర్తి"కి వచ్చింది. అందులో సావిత్రీ వుంది, కృష్ణకుమారీ వుంది. కాని నంది వచ్చింది చిత్రానికి. నటీనటులకు విడి విడిగా నందులను తోలడం డెబ్భైలలో గాని ఆరంభం కాలేదు. ఫిలింఫేర్ వారు 1963 నుంచి తెలుగు చిత్రాలను గుర్తించారు గాని, తెలుగు నటికి విడిగా యివ్వడానికి 1972 దాకా ఆగారు. అంటే తెలుగు సినిమాకు నటీమణుల విషయంలో ఏ దశాబ్దం బంగారు పంటో, ఆ దశాబ్దంలో కొలపాత్రే లేదు.

ఇదంతా మా అమ్మకు విన్నవించాను. ఆవిడ విని, "అంటే బడి పెట్టక ముందే చదువు ముగించుకున్నోళ్ళనమాట" అంది. నేను రెండు పేరాలలో చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేస్తే నాకు కొంచెం కష్టంగానే తోచింది.

కాని విశేషం అక్కడ లేదు. కొలపాత్ర లేకపోవడం ఒక ఎత్తు. పక్కవాడి కొలపాత్రలో మన ధాన్యమే కొలిచారన్నది మరొక ఎత్తు. "మూగమనసులు" చిత్రాన్ని ఆదుర్తి సుబ్బారావుగారే 1967లో హిందీలో "మిలన్" అని తీశారు. రాధ వేషం నూతన్ వేసింది. గౌరి వేషం జమునే వేసింది. మరుసటి యేడు బొంబాయిలో ఫిలింఫేర్ వారు ఉత్తమ నటి బహుమతి నూతన్‌కూ, ఉత్తమ సహాయనటి బహుమతి జమునకూ యిచ్చారు. ఆ రెండు పాత్రలూ గోదావరి ఒడ్డున పుట్టినవి. తెలుగులో వేసినప్పుడు చప్పట్లు మాత్రమే దొరికాయి. "నర్తనశాల" జకార్తాలో 1964లో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవానికి వెళ్ళింది. కీచకుడు వేసిన రంగారావుగారు ఉత్తమ నటుడిగా బహుమతి తెచ్చుకున్నారు. ఆయనకు రావడం ధర్మమే. కాని, కీచకుడు అంత భయంకరంగా కనబడాలంటే ఎదుట సైరంధ్రి అంత భయపడాలి గదా! ఆ భయం పట్టిన మొహానికి ఎవరూ మార్కులు వెయ్యలేదు.

చివరికి 2018లో "మహానటి" వచ్చింది. సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కు మరుసటి యేడు జాతీయ ఉత్తమ నటి బహుమతి ప్రకటించారు. ఆ అమ్మాయి కష్టపడింది, నేను కాదనను. సావిత్రి వేసిన వేషానికి ఒకరికి, సావిత్రి వేషం వేసినందుకు ఒకరికి బహుమతులు వచ్చాయి. సావిత్రిగా పుట్టినావిడకు మాత్రం పద్మశ్రీ కూడా రాలేదు. 1981 డిసెంబరు 26న, ఏడాదిన్నర పైగా స్పృహ లేకుండా వుండి, వెళ్ళిపోయింది.

ఇంతదాకా మా అమ్మ పక్షం. ఇక నా పక్షం. "మూగమనసులు"లో నేను గౌరికి ఓటు వేస్తాను. యీ మాట అన్నందుకు యింట్లో రెండు రోజులు నాకు మజ్జిగ పలచబడింది. అయినా అంటాను. రాధ వేషంలో కథే సగం పని చేసిపెడుతుంది. గౌరికి ఆ సాయం లేదు. ఆ పిల్లకు దక్కేది ఏదీ లేదు. దక్కదని ప్రేక్షకుడికి మొదటే తెలుసు. అయినా ఆ పిల్ల గెంతుతుంది, అరుస్తుంది, పెంకిగా మాట్లాడుతుంది. దుఃఖం లోపల వుంచి పైన అల్లరి చెయ్యడం మామూలు నటనకంటే రెట్టింపు బరువు. జమునగారిని అందరూ సత్యభామ అని అక్కడికి కట్టేశారు. "వినాయకచవితి" (1957), "శ్రీకృష్ణ తులాభారం" (1966) చూశాక ఎవరైనా అదే పని చేస్తారు. ఆ వాలుజడ విసురు ముందు గౌరి మరుగున పడిపోయింది. ఆవిడ 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు వెళ్ళింది, 2008కిగాను ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారం పొందింది, 2023 జనవరిలో కాలం చేసింది. ఆ మరునాడు పేపర్లన్నింటిలోనూ సత్యభామ బొమ్మలే. గౌరి బొమ్మ కోసం నేను వెదికాను.

భానుమతిగారి సంగతి వేరు. ఆవిడకు బహుమతులు రాలేదనడానికి మనకు ధైర్యం చాలదు. రాకపోతే ఆవిడే అడిగి వుండేది. 1966లో పద్మశ్రీ వచ్చింది. "అత్తగారి కథలు" రాసిన చెయ్యి గనక సాహిత్యం వారూ గౌరవించారు. మా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారూ గౌరవ డాక్టరేటు యిచ్చారు. "మిస్సమ్మ" మొదట ఆవిడదే. పేచీ వచ్చి తప్పుకున్నది. ఆ పేచీ రాకపోతే సావిత్రి "మిస్సమ్మ" లేదు. చరిత్రలో మంచి పేచీలు కూడా వుంటాయి. సరోజాదేవికి 1969లో పద్మశ్రీ, 1992లో పద్మభూషణ్. షావుకారు జానకిగారు 1950లో "షావుకారు"తో వచ్చారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. డెబ్భై రెండేళ్ళు! ఆవిడ వోపిక వుంది గనక అందుకుంది. ఆవిడ చెల్లెలు కృష్ణకుమారి 2018లోనే వెళ్ళిపోయింది. "భార్యాభర్తలు", "కులగోత్రాలు" చూసిన వాళ్ళకు తప్ప ఆవిడ పేరు యిప్పుడు పెద్దగా తట్టడం లేదు. అందంగా వుండడం కూడా ఒక్కొక్కప్పుడు నటనకు అడ్డు. చూసినవాడు అక్కడే ఆగిపోతాడు.

తెనాలి పిల్ల శారదది మరొక కథ. ఆవిడకు మూడుసార్లు ఊర్వశి వచ్చింది. మొదటి రెండూ, "తులాభారం", "స్వయంవరం", మలయాళంలో వచ్చాయి. మూడోది "నిమజ్జనం" తెలుగు. "తులాభారం" మళ్ళీ తెలుగులో "మనుషులు మారాలి"గా 1969లో వస్తే మనం వంద రోజులు ఏడ్చాం. మన అమ్మాయి ఏడవగలదని మలయాళం వాళ్ళు కనిపెట్టి చెప్పేదాకా మనకు తెలియలేదు. నెల్లూరు వాణిశ్రీని కూడా మనం కొన్నాళ్ళు హాస్యానికీ, రెండో కథానాయికకూ సరిపెట్టి, "మరపురాని కథ" (1967) తరువాత గాని సరిగ్గా చూడలేదు.

సూర్యకాంతం గురించి రాయకపోతే మా ఆవిడ యీ శీర్షిక చించేస్తానంది. శనివారం రాత్రి "ఉత్తమ అత్త" బహుమతి అందుకున్న అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుని ప్రేక్షక దేవుళ్ళకు దండాలు పెట్టింది. "గుండమ్మ కథ" 1962లో వచ్చింది. యెన్.టి.రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున, యింతమంది వుండగా సినిమాకు పేరు ఎవరిది పెట్టారు? అత్తగారిది! ఉత్తమ అత్త అన్న బహుమతి అప్పట్లో వుంటే ఆవిడ యింట్లో వాటికి చోటు చాలేది కాదు. దానికి బదులు తెలుగు దేశం ఆవిడకు ఒక విచిత్రమైన గౌరవం చేసింది. ఆడపిల్లకు సూర్యకాంతం అని పేరు పెట్టడం మానేసింది. నా దగ్గర చదివిన పిల్లలు వేలల్లో వుంటారు. హాజరు పట్టీలో సావిత్రులు వచ్చారు, జమునలు వచ్చారు, శారదలు వచ్చారు. సూర్యకాంతం అని పిలిచే భాగ్యం నాకింతవరకు కలగలేదు.

అమెరికాలో బార్బరా స్టాన్విక్ అని ఒక నటి. నాలుగుసార్లు ఆస్కారు వారి పట్టికలో పేరు ఎక్కింది. నాలుగుసార్లూ వుత్త చేతులే. ఆవిడ టెలివిజనుకు వెళ్ళింది. అక్కడ 1961లో, 1966లో, 1983లో మూడు ఎమ్మీలు వచ్చాయి. మధ్యలో 1982లో ఆస్కారు వారు కూడా నాలిక కరుచుకుని గౌరవ బహుమతి యిచ్చారు. వెండితెర పెట్టిన బాకీ చిన్నతెర తీర్చిందన్నమాట. మన టెలివిజనుకు ఆ అవకాశం దక్కలేదు. అది నడక నేర్చేనాటికి సావిత్రి లేదు. తరువాత ప్రభుత్వం వారు టెలివిజనుకూ నందులు పెట్టారు. ఆ నందుల గతి కూడా చెప్పుకోవాలి. 2014, 2015, 2016 సంవత్సరాల సినిమా నందులను 2017లో ఒక్కసారిగా ప్రకటించారు. పెద్ద రభస జరిగింది. ఆ పైన బసవన్న లేవలేదు. తెలంగాణా వారు 2025లో గద్దర్ పేరున తమ బహుమతులు మొదలుపెట్టుకున్నారు. మా సీమ నంది మాత్రం లేపాక్షిలో కూచుని ఎటో చూస్తున్నాడు.

అందుకే అరవైల తారలలో నాకు కాంచన అంటే ప్రత్యేకమైన గౌరవం. ఆవిడను గొప్ప నటి అని నేను వాదించను. విమానంలో ఉద్యోగం చేసుకుంటూ సినిమాలకు వచ్చింది, "ఆత్మగౌరవం"లో ముచ్చటగా వుంది, చాలా యేళ్ళ తరువాత "అర్జున్ రెడ్డి"లో నానమ్మగా కనబడింది. బహుమతులు ఏమి అందుకున్నదో నాకు పట్టదు. యిచ్చిన సంగతి మాత్రం మా తిరుపతిలో తెలుసు. మద్రాసు త్యాగరాయనగరులో కోట్ల ఖరీదు చేసే స్థలాన్ని 2010లో సోదరితో కలిసి తిరుమల తిరుపతి దేవస్థానాలకు రాసి యిచ్చేసింది. అందుకోవడానికి వేదిక ఎక్కినవాళ్ళను చాలామందిని చూశాం, యివ్వడానికి కొండ ఎక్కినావిడ యీవిడ.

సరే, బహుమతి ఎవరు యివ్వాలి? ఓట్లు గుద్దే మా అమ్మాయా, ఢిల్లీలో కూచునే కమిటీ వారా? యీ గొడవ కొత్తదనుకునేరు. భరతుడు నాట్యశాస్త్రంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నాటకానికి తీర్పు చెప్పే ప్రాశ్నికులు ఎవరెవరో చెప్పాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజు, రాజసేవకుడు. వ్యాకరణం వాణ్ణి చేర్చినందుకు నేను ఆయనకు ఋణపడి వున్నాను. గెలిచినవారికి పతాక యివ్వమన్నాడు. యిద్దరూ సరిసమానమయితే రాజు ఆజ్ఞ మీద యిద్దరికీ యివ్వమన్నాడు. అంటే "సంయుక్తంగా" అనే మాట కూడా పాతదే!

దానికంటే ముఖ్యమైనది మరొకటి చెప్పాడు. నాటకం ఫలించడం రెండు విధాలు. జనం నవ్వడం, భళీ అనడం, ఏడవడం, ఒళ్ళు గగుర్పొడిచి లేచి నిలుచోవడం, ఉంగరాలూ పైబట్టలూ విసరడం, యిది మానుషి. సభ నిండుగా వుండి, చప్పుడు లేకుండా, కలత లేకుండా వుంటే అది దైవికి. పాఠం చెప్పేటప్పుడు యీ రెండో మాట నాకు ఎన్నడూ సరిగా అర్థం కాలేదు. చప్పుడు లేకపోతే జనం నిద్రపోయారేమోనని అనుమానం. మా అమ్మ "వేంకటేశ్వర మహాత్మ్యం" చూసిన కథ చెప్పాక అర్థమయింది.

1960లో వచ్చిన బొమ్మ అది. పి.పుల్లయ్యగారిది. రామారావుగారు స్వామి, సావిత్రి పద్మావతి, ఎస్.వరలక్ష్మి లక్ష్మీదేవి, శాంతకుమారి వకుళ. శాంతకుమారి మా ప్రొద్దుటూరు వైపు మనిషి, పుల్లయ్యగారి భార్య. యిదే కథను ఆయన 1939లో ఒకసారి తీసినప్పుడు ఆవిడే పద్మావతి. యిరవై యేళ్ళు గడిచేసరికి పెళ్ళికూతురు తల్లి పీట మీదకు జరిగింది. సినిమా వాళ్ళలో యెంతమంది అంత నిమ్మళంగా జరగగలరు?

మా అమ్మ పుట్టిల్లు నారాయణవనం పక్కన పల్లె. ఆకాశరాజు రాజ్యం చేసిన వూరని, పద్మావతి పెళ్ళి జరిగింది అక్కడేనని స్థలపురాణం. ఆ వైపు జనానికి పద్మావతి దేవత అనే దానికంటే వూరి ఆడపడుచు. టూరింగు టాకీసు వాళ్ళు డేరా వేసి యీ బొమ్మ ఆడించారు. మా అమ్మకు ఎనిమిదేళ్ళు. బండ్లు కట్టుకుని పోయారట. ఆడవాళ్ళు తెర ముందు టెంకాయలు కొట్టారట, హారతులు పట్టారట. తెరలో స్వామి కనబడినప్పుడంతా గోవిందలు.

"మరి సావిత్రి వచ్చినప్పుడు?" అన్నాను.

"ఆయమ్మ వచ్చినప్పుడు ఎవురూ మాట్లాళ్ళా. పెండ్లికూతురు మాదిరి పీట మీద కూచోనింది గదా, అప్పుడు డేరా అంతా గమ్మునుండిపోయింది. మా అవ్వ కండ్లు తుడుచుకునింది. ఏమవ్వా అంటే, మన బిడ్డను పంపించేస్తా వుండాం గదమ్మీ అనింది."

భరతమునీ, క్షమించు. నీ దైవికీ సిద్ధిని నేను యిరవై యేళ్ళు తప్పుగా చెప్పాను.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కాని మా అమ్మ యింకొక మాట అంది. "వేంకటేశ్వర మహాత్మ్యం అందురూ చూసినారు లేరా. మా అక్కను మార్చింది ఇంగొకటి. నర్సు సినిమా."

మా పెద్దమ్మ నర్సుగా పనిచేసిందని నాకు తెలుసు. ఎందుకయిందో యింతవరకు ఎవ్వరూ చెప్పలేదు, నేను అడగలేదు. "చివరకు మిగిలేది" సినిమాను పదిహేడేళ్ళ వయసులో చిత్తూరులో చుట్టాలింటికి వెళ్ళి చూసిందట. సుచిత్రా సేన్ వేసిన బెంగాలీ చిత్రం "దీప్ జ్వెలే జాయ్"కు అది తెలుగు. సావిత్రి అందులో పిచ్చాసుపత్రి నర్సు. తిరిగి వచ్చిన వారానికి పెద్దమ్మ, తాను పెళ్ళి చేసుకోనని, వేలూరు పోయి నర్సు చదువు చదువుతానని చెప్పిందట. తాత యింట్లో అన్నం ముట్టలేదట. ఆ రోజుల్లో నర్సు అంటే మన యిళ్ళలో ఏమనుకునేవారో పెద్దవాళ్ళకు తెలుసు. అదీగాక ఆయనకు ఎవరో కథ పూర్తిగా చెప్పారు. రోగికి నయం చెయ్యడం కోసం ప్రేమ నటించి, నటించి, చివరికి ఆ నర్సుకే మతి చెడుతుంది. నయం చేసిన ఆసుపత్రిలోనే రోగిగా చేరుతుంది. "అదీ మీ సినిమాలో చెప్పిన నీతి, కండ్లతో చూసొచ్చి గూడా పోతానంటావా?" అని తాత వాదం.

పెద్దమ్మ పోయింది. చదివింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల మధ్య యేళ్ళ తరబడి చేసింది. పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తాత చివరి రెండేళ్ళూ మంచం మీద వుంటే, పక్కమీద తిప్పి కడిగి పొడిబట్ట కట్టింది ఆవిడే. విరమించిన రోజున ఒక శాలువా కప్పారు. అది యిప్పటికీ మడతలోనే వుంది, ఒకసారి చూశాను.

ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఎక్కడో వెదికి ఆ సినిమా ఫోనులో పట్టింది. టెలివిజనుకు తగిలించింది. అమ్మా, నేనూ, ఆ పిల్లా కూచున్నాం. తెలుపూ నలుపూ బొమ్మ, అక్కడక్కడ గీతలు. సావిత్రి తెల్ల చీరలో వసారా వెంబడి నడిచి వస్తుంటే మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. సగం అయ్యాక దానికి బుద్ధి పుట్టి, మదనపల్లెకు ఫోను చేసింది. మా పెద్దమ్మకు యిప్పుడు ఎనభై దాటాయి. చెవి కొంచెం మందం.

"పెద్దవ్వా, నీ సినిమా చూస్తా వుండాం. సావిత్రిది, నర్సుది."

"ఏదీ, అదా? బో బాగుంటుంది. ఎంతవరకు వచ్చినారు?"

"సగం. నీకు భయం వెయ్యలేదా అవ్వా, చివర్లో ఆమెకు పిచ్చి పడతాది గదా?"

అవతల కాసేపు మాట లేదు. వినబడలేదేమోనని మా అమ్మాయి మళ్ళీ గట్టిగా అడిగింది.

"వినబడిందిలే" అంది పెద్దమ్మ. "నేను చివరిదాకా యాడ చూసినాను? ఇంటర్వెల్ కాంగానే మా మామ వచ్చి, కడాకరి బస్సు పోతుందని లేపక పోయినాడు. మా నాయన చెప్పినాడు, ఇట్లయితాదంట అని. నేను నమ్మలా. ఆయమ్మ నడిచేది చూసినాను గదా."

"ఇప్పుడు వెయ్యనా? వీడియోలో చూపిస్తాను."

"వద్దులే తల్లీ. మీరు చూడండి."

మా అమ్మాయి ఫోను పెట్టేసింది. తెర మీద సావిత్రి చేతిలో ట్రే పట్టుకుని, తలుపు తియ్యబోతూ ఆగి వుంది. దాన్ని మళ్ళీ ఆడించమని మేమెవ్వరమూ అనలేదు. మా అమ్మ అనపగింజల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.